మూడోసారి వరుసలో

శుక్రవారమే మాకిక్కడ ఆదివారం.
కువైట్ సిటీలో సముద్రం ఉప్పు నాలుక్కి తగిలేంత దగ్గర్లో గుడి,
ఆవరణ నిండా పాలిథిన్ సంచులు,
ఊళ్ళతో ఫోన్లో మాట్లాడే గొంతులు.

నేను ఆస్పత్రి నర్సుని.
తెల్లని వస్త్రం వేసుకుని సత్ప్రసాదం పంచే పని కూడా అప్పగించారు.
రాత్రి డ్యూటీలో సూదులు గుచ్చిన వేళ్లే ఇవి.
ఎన్నిసార్లు కడిగినా స్పిరిట్ వాసన పోదు.

పొద్దున ఆరున్నర, మలయాళం పూజ.
మొదటిసారి కనబడిందప్పుడే.
నల్ల అబాయా కింద నీలం యూనిఫాం అంచు,
చాపిన అరచేతుల్లో క్లోరాక్స్ తినేసిన గీతలు.
"ఆమెన్" ఒక్కటే ఆమెకి అర్థమైన మాట,
అది గట్టిగా అంది.

పదకొండుకి తెలుగు పూజ. మళ్లీ ఆమె.
అది సరే, చట్టం ఒప్పుకుంటుంది.
ఒకే రోజు రెండోసారి పుచ్చుకోవచ్చు,
పూజలో పాల్గొని పుచ్చుకుంటే.
మూడోది లేదు,
ప్రాణం మీదికొచ్చినవాళ్లకి తప్ప.
ఉపదేశం క్లాసులో పిల్లలకి చెప్పేది నేనే.
బోర్డు మీద ఒకటి, రెండు,
ఆ పక్కన సుద్దతో అడ్డగీత.

పూజయ్యాక నీళ్ల కూలర్ దగ్గర అడిగాను, ఏ ఊరని.
"బద్వేలు పక్కనమ్మా. ఇన్నాసమ్మ నా పేరు.
ఆ ఇంట్లో మటుకు మరియం. మామాకి నోరు తిరగదు."
పోయిన శుక్రవారం రాలేదే అన్నాను, బుద్ధిలేని నోటితో.
నవ్వింది.
"పోయిన వారం కాదు, పోయిన పాస్కా గూడా కాదు,
దాని ముందరి పాస్కాకి వచ్చినా.
ముసలామెకి పక్షవాతం, వదిలి రానియ్యరు.
ఈ పొద్దు వాళ్ల కూతురు వచ్చింది చూసుకునేదానికి.
ఏడింటిదాకా ఈ పొద్దు నాది."

తర్వాత గొంతు తగ్గించి:
"ఏడాదికొకసారైనా పుచ్చుకోవాలంట గదా?
అది తప్పింది. ఫాదర్ అర్లప్పకి చెప్పుకున్నా.
చేతకాని దానికి కట్టు లేదులే తల్లీ అన్న్యాడు.
గంట ముందర తినగూడదంటారే, దానికి మాత్రం లోటు ల్యా.
తెల్లారుజామున నాలుగింటికి ఖుబూస్ ముక్క తిన్న్యా, అంతే."

సాయంత్రం నాలుగున్నర. ఇంగ్లీషు పూజ.
నా వరుసలో, ఇద్దరు గోవా కుర్రాళ్ల వెనక, ఆమె.

వరుస ఆగదు. క్రీస్తు శరీరం, ఆమెన్. క్రీస్తు శరీరం, ఆమెన్.
నోరు పలుకుతోంది, లోపల లెక్క నడుస్తోంది.
రెండేళ్లు. నూరు పైచిలుకు శుక్రవారాలు.
అందులోంచి ఒక్కటి తీసి ఇస్తే
ఎవరి ఖాతాలో తగ్గుతుంది?
లేదు, ఇది ఖాతా కాదు, అదే కదా నేను చెప్పే పాఠం.
ఆకలిని బట్టి వడ్డించే గిన్నె కాదు నా చేతిలోది,
నాది కూడా కాదు.
వేళ్ల మధ్య అప్పం చెమర్చింది.

ఎదురుగా వచ్చి నిలబడింది.
చేతులు చాపలేదు.
రెండూ ఎదమీద అడ్డంగా పెట్టుకుంది.
"రెండయినాయి గదమ్మా. లెక్క నాకూ తెలుసు.
దగ్గర్నించి చూసి పోదామని."

దీవించడానికి నేను ఫాదర్ని కాదు.
అప్పాన్ని కాస్త పైకెత్తి పట్టుకున్నాను.
ఎంతసేపో చెప్పలేను.
వెనకెవరో దగ్గారు.
ఆమె తలవంచి పక్కకి తప్పుకుంది.

ఏడింటికి గేటు ముందు తెల్ల కారు.
ఎనిమిదింటికి ముసలామెకి మందులట,
పరుగులాంటి నడకతో వెళ్లింది.

నా గది ఇక్కడికి రెండు బస్ స్టాపులు.
ఈ గుళ్లో రోజూ పూజ ఉంటుంది.
రేపు పొద్దున్నా ఉంది, నాకు డ్యూటీ లేదు.
అలారం పెట్టుకున్నాను.
పెట్టుకుని ఎన్నిసార్లు ఆపేసి పడుకున్నానో,
ఆ లెక్క మాత్రం
ఇంతవరకు నన్నెవరూ అడగలేదు.