తెరచాప సంచి

ఓర్టా రేవులో ఇల్డా దుకాణానికి బోర్డు లేదు.
తుపానుకు చిరిగిన తెరచాపలు గుమ్మం దాకా పొర్లి ఉంటాయి,
వాటి మధ్య కుట్టు మిషను,
మిషను వెనకెక్కడో ఇల్డా.

"బరువెంత?" అన్నాను.
చిటికెన వేలికి తగిలించి చూపించింది.
"తెగితే?"
నవ్వలేదు. "అట్లాంటిక్ చింపలేక వదిలేసిన ముక్కే కోస్తాను."

ఏ పడవదో అంకె, సగం తెగిన ఏడు,
ఇప్పుడు నా తుంటి మీద.

పశువులకు టీకాలు వేసేవాణ్ణి నేను.
సూదులు, ఐసు డబ్బా, చీజు పెట్టిన రొట్టె,
ఒక జత పొడి మేజోళ్లు.
నీలం హైడ్రేంజియా కంచెలు దాటుతూ
పొద్దంతా కొండెక్కి దిగినా
రాత్రి భుజం నన్నేమీ అడగదు.
పాత తోలుసంచి అలా కాదు,
ఖాళీగా ఉన్నా అప్పులవాడిలా వేలాడేది.

అక్టోబరులో ఒక రాత్రి
వీధిదీపాన్ని చూసి చందమామ అనుకుని
కగార్రో పిల్ల రోడ్డు మీద కూలబడింది.
సంచిలో వేసుకున్నాను.
పొడిచింది, గీరింది, నా మేజోళ్ల మీద కక్కింది.
గుడ్డకు గీత పడలేదు.

తెల్లారి రాతి అంచున మూత తెరిస్తే
కదలదే!
సముద్రం మీంచి గాలి లేచింది.
ముందు సంచి ఉబ్బింది,
పాత అలవాటు.
తర్వాత పిట్ట.

మూడుసార్లు ఉతికాను, చేప కంపు పోలేదు.
ఇల్డా ముక్కుకు ఆనించుకుని చూసి
"ఇది పిట్టది కాదులే," అంది,
"ముందునుంచీ ఉన్నదే."