ఎర్ర చీటీ

కురెహషి పేట చెత్త నియమాల పుస్తకం
నలభై రెండు పేజీలు.
గొడుగు, ముప్పయ్యో పేజీ:
గుడ్డ మంగళవారం, ఊచలు రెండో గురువారం,
పిడి కర్రదైతే కాలేది, ప్లాస్టిక్‌దైతే కాలనిది.

కినుయో మామ్మ తొకుజి తాత గొడుగుని
చేపకి ముళ్ళు తీసినంత ఓపిగ్గా విడదీసింది.
సంచి మీద పేరు రాయాలి.
గొడుగు ఆయనది కనక
ఆయన పేరే రాసింది.

ఎనిమిదిన్నరకి బండి వచ్చి అందరివీ ఎత్తుకుంది.
ఆమె సంచి మాత్రం అక్కడే, ఎర్ర చీటీతో:
‘ఈ పేరుగలవారు ఈ పేటలో లేరు.’

రెండుసార్లు చదివింది.
“ఆ సంగతి నాకూ తెలుసు నాయనా,” అంది
వెళ్ళిపోయిన బండితో.
సంచి లోపలికి తెచ్చుకుంది.

వాన మొదలైంది.
ఊచలకి గుడ్డ మళ్ళీ కుడుతోంది,
మా కిటికీలోంచి కనిపిస్తోంది.
దీనికి పుస్తకంలో పేజీ లేదు,
వెతికాను.