ఒక చెవి గుంట మీద

అల్లూరు శాఖా గ్రంథాలయంలో
దిల్షాద్ మేడం రిజిస్టరు తిప్పి అడిగింది:
"చెంచయ్యా, ఇన్ని తీసకపోతావు గదా,
ఎన్ని పూర్తి చేసినావు? నిజం చెప్పు."

నిజం అంటే, మేడం,
సగానికి సగం వదిలేసినవే.

ఇస్కపల్లి కాడ రొయ్యల గుంటల మీద నైట్ వాచ్‌మన్ని.
నాలుగు గుంటలు, పన్నెండు ఏరేటర్లు, ఒక జనరేటరు,
రేకుల గది, నులక మంచం.
బల్బు కింద పురుగులు, పురుగుల కింద పుస్తకం.
ఎనిమిది వందల పేజీల ఆ లావుదాని మీద
ఎన్ని రెక్కలు రాలినయ్యో లెక్క లేదు.

దాన్ని డెబ్బయ్యో పేజీలో వదిలేసినా.
అప్పటికీ పెద్దాయన ఇంకా రైలు దిగలా.
సంచీ వర్ణన అయింది, చెప్పుల వర్ణన అయింది,
ప్లాట్‌ఫారం మీద కుక్కకి వంశవృక్షం మొదలైంది.
బిట్రగుంటలో ఆగిన గూడ్సన్నా
అంతకంటే ముందు కదులుద్ది.

సముద్రం మీద నవల ఒకటి పూర్తి చేసినా, కోపంతో.
అలలు సింహాల్లా గర్జించినయ్యంట, ప్రతి అధ్యాయంలో.
నాకు కట్ట దాటితే సముద్రమే.
రాత్రి రెండింటికి అది గర్జించదు,
ఎవురో చేటతో బియ్యం చెరుగుతున్నట్టు ఉంటాది.
ఆయన పగలు ఒక్కసారి వచ్చి
శెనక్కాయలు తిని పోయుంటాడు.

తెల్లారుజామున నాలుక్కి లేస్తే జీవితం మారుద్దని
ఇంకో పుస్తకం. అట్ట మీద కోటు మనిషి.
నాలుక్కి నేను మేత ట్రే పైకి లాగి చూస్తానే ఉండా,
పదకొండేళ్లుగా.
మూడో పేజీలో మూసినా.

కవిత్వం... తిట్టొద్దు మేడం...
ఒక సంపుటిలో "శూన్యం" ముప్పై ఆరుసార్లు.
బస్తాలు లెక్కబెట్టే అలవాటు, ఏం చేసేది.
కానీ అందులోనే, ఒకామె
పోయిన మొగుడి చొక్కాకి గుండీ కుడతా ఉంటాది,
ఆ పేజీ చించుకుందామనుకున్నా. చించలా.
మేత లెక్కల పుస్తకంలో చేత్తో రాసుకున్నా.
ఓనరు చూసి "ఇదేం మందు, ఎకరాకి ఎంత?" అన్నాడు.

డిటెక్టివ్ పుస్తకానికి ఆఖరి ఆకు లేదు.
మీకు ముందే తెలుసు, అయినా ఇచ్చినారు.
వంటమనిషే చంపిందని నేను తీర్పిచ్చేసినా.
తప్పయితే ఆమె నన్ను క్షమించాలి.

ఇంక మీరు అడగబోయేది నాకు తెలుసు.
ఆ నీలం అట్టది,
దర్జీ కూతురు రాత్రి బడికి పోయే కథ.
ఫైను కట్టి తెచ్చిచ్చినా, గుర్తుందా.

దాన్లో ఎవురూ గట్టిగా మాట్లాడరు.
ఒకచోట ఆ పిల్ల మొదటిసారి తన పేరు రాసి,
తుడిపి, మళ్లీ రాసి,
తుడపకుండా లేచి పోద్ది.
ఏడ్చినా అనను. కళ్లజోడు తీసినా.
ఆ రాత్రి కరెంటు పోయింది.
నాది ఛార్జింగ్ బల్బు, ఆరలా.
ఏరేటర్లు ఆగినయ్. నాకు తెలవలా.
ఇరవై నిమిషాలో, గంటో,
ఆ నిశ్శబ్దం పుస్తకంలోదే అనుకున్నా.

తలెత్తేసరికి మూడో గుంటలో
రొయ్యలన్నీ గట్టు కాడికొచ్చి
నీళ్ల పైకి మీసాలు పెట్టి ఉండాయి.
టార్చి వేస్తే కళ్లు, ఎర్రగా, వేలకు వేలు.
గుంటలో సగం పోయింది. నాలుగు నెలల జీతం పోయింది.
ఓనరు తిట్టలేదు. తిట్టుంటే బాగుండు.

పదకొండు పేజీలు మిగిలినయ్.
ఇప్పటికీ తెరవలా.
దాన్ని ఏ లెక్కలో రాస్తారో మీ ఇష్టం.
నేను చదివినవాటిల్లో అదే మంచిది.
ఎవురన్నా అడిగితే ఇవ్వండి,
పగలు చదవమనండి.

మేడం స్టాంపు ఎత్తి, వేయకుండా పట్టుకుంది.
"ఆఖర్న ఏమయిందో చెప్పనా?"

వద్దన్నా.
రోజూ చదువుతానే ఉండా గదా,
ఒక చెవి గుంట మీద పెట్టి.
అట్టా చదివితే ఏ పుస్తకమైనా
కొంచెం ఉప్పు తక్కువే.

ఈసారి సన్నది ఇవ్వండి.