పిసినారి పెట్ట

లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌ల మా పెరడు
రెండు మంచాలు వాలిస్తే నిండిపోతది.
అండ్లనే మూడు పెట్టలు, పగిలిన సిమెంటు తొట్టి,
నీళ్ల మోటరు మీద కప్పిన గోనెసంచి.

దొరసాని గుడ్డు పెంకు ఎర్రగుంటది.
బొగ్గుది ఇంచుమించు గుండ్రం.
మూడోదాని గుడ్డు చిన్నది, మొన తేలి,
పెనం అంచుకు కొట్టిన ప్రతిసారీ
మజ్జిగల పసుపు చుక్క పడ్డట్టు
పాలిపోయిన సొన జారేది.
"తినేకాడ సమానంగ తింటది,
ఇచ్చేకాడ దీనికి చెయ్యి రాదు"
అన్నడు మా ఆయన.
ఆ పూటకెల్లి దాని పేరు పిసినారి.

గోడవతల డొరీన్ ఆంటీ
శనివారం కేకు కోసం గుడ్లు ఏరుకుంటది.
బల్బుకు పట్టి చూస్తది, చెవి కాడ ఊపుతది.
"ఈ చిన్నది వద్దు బేబీ,
నా కేకుకు జ్వరమొచ్చినట్టుంటది."
ఎర్ర పెంకులనే మంచి సొన ఉంటదని ఆమె నమ్మకం.
పెంకు చీర లాంటిది ఆంటీ,
చీర చూసి కడుపుల ఏమున్నదో చెప్తమా, అన్న.
నిజం చెప్పాలంటే
నేను గూడ చెప్పేదాన్నే.

ఎండకాలం ఒట్టి నూకలే వేసిన.
అప్పుడు మూడింటి సొనా ఒక్కతీరుగనే తేలిపోయింది.
వానలు పడ్డంక
పట్టాల పక్కపొంటి గంగవాయిలి కూర మొలిచింది,
మెట్టుగూడ బండాయన వాడిన తోటకూర ఊరికే ఇచ్చిండు,
రెండింటికి రంగు మర్లింది.
దసరా తెల్లారి మా ఆయన
వర్క్‌షాపుల లేతు మిషన్లకు కట్టిన బంతిదండలు తెచ్చిండు.
గ్రీజు అంటని పూలు ఏరి తుంచి వేసిన.
వారం దాటినంక బొగ్గు గుడ్డు పలగ్గొడితే
గిన్నెల పొద్దు కుంకుతున్నట్టున్నది.
మా పిల్ల స్వర్ణలత కళ్లు మూసుకొని తిని
"రుచి ఎప్పటిదేనే" అన్నది.
అనుకుంటే అనుకోనీ.
నాకు మాత్రం ఆ దినం
గిన్నె కిందపెట్ట బుద్ధికాలే.

పచ్చ అంటే మనకు ఆకూ పచ్చే, పసుపూ పచ్చే.
పచ్చసొన అని పేరు పెట్టినోళ్లెవరో గని
కోడి ముంగట పీట వేసుకొని కూసున్నోళ్లే అయ్యుంటరు.
ఈ పచ్చ మింగి ఆ పచ్చ ఇస్తది.

మరి పిసినారి?
బంతిపూల తర్వాత గూడ అదే మజ్జిగ.
ఒక ఆదివారం బట్టలు నానబెట్టి
నేనూ పీట వేసుకొని కూసున్న.

నూకలు చల్లితే పెరడంత పడతయి,
ఏ మూలకున్నదానికి ఆ మూలకు నాలుగు దొరుకుతయి.
ఆకుకట్ట మాత్రం ఒక్కతాననే వేస్త.
వేసినంక నేను లోపలికి పోత.
ఆ కట్ట మీద దొరసాని కాలు, పక్కకు బొగ్గు.
పిసినారి మెడ సాపింది.
దొరసాని దాని నెత్తి మీద ఒక్క పోటు పొడిచింది,
కోపం గూడ లేదు, అలవాటుగ.
అది మోటరెనుకకు పోయి
గోనెసంచి పోగులు పీకుకుంట నిలబడ్డది.
మెడెనుక ఈకలు లేవు.
ఎన్నొద్దుల సంది లేవో.
రోజూ దాని గుడ్డు తిన్నదాన్ని,
మెడ చూడలే.

తెల్లారి నుంచి దాన్ని గంప కింద కమ్మి,
అందుల పిడికెడు తోటకూర, నాలుగు మునగాకు రెబ్బలు.
మొదటి రోజు ముట్టలే.
బయట దొరసాని గంప చుట్టూ తిరుగుతుంటే
లోపల ఊపిరి బిగబట్టుకొని కూసున్నది.
మూడోనాడు కాడలు గూడ మిగల్చలే.

గుడ్డుకు తొందర లేదు.
ఎనిమిదోనాడు గూడ మజ్జిగనే.
పదకొండోనాడు, పెనం మీద,
మామిడిపండు కోసినట్టు.

"ఏం పెడుతున్నవే దీనికి?" అన్నడు మా ఆయన.
"గంప" అన్న.
ఆయనకు సమజ్ కాలే. అట్లు తిరగేసిన.

డొరీన్ ఆంటీ ఇప్పుడు చిన్న గుడ్లే అడుగుతది.
పేరు మార్చాలని నాలుగొద్దులు
బంగారీ, బంగారీ అని పిలిచి చూసిన.
తలెత్తలే.
పిసినారీ అంటే
మోటరెనుక నుంచి ఉరికొస్తది.