కాలికి తెలిసిన సంగతి

మొదటి గీతకీ రెండో గీతకీ మధ్య ఏడు మీటర్లు.
తర్వాత ఆరున్నర. తర్వాత ఆరు.
టేపు ఆ చివర కౌపో పట్టుకుంటాడు,
ఈ చివర నేను సుద్దముక్కతో వంగుతాను.
మలుపు దగ్గరికి వచ్చేసరికి
గీతకీ గీతకీ నడుమ నా రెండడుగులు కూడా పట్టవు.

సారెమా దీవిలో ఈ రోడ్డు
పైన్ చెట్ల మధ్యనుంచి నిద్రలో నడిచినట్టు వస్తుంది,
పదకొండు కిలోమీటర్లు, తిన్నగా.
తిన్నటి దారిలో వేగం వేగంలా అనిపించదు,
కూర్చున్నచోటే కూర్చున్నట్టు ఉంటుంది.
ఉన్నట్టుండి మలుపు.
మలుపులో ఒక బిర్చి చెట్టు.
దానికి మొల ఎత్తున బెరడు లేదు.

అరవై అని రాసిన పలక ఎప్పటినుంచో ఉంది.
ఆరు పక్కన సున్నాని గురిచూసి
ఎవరో వేటగాడు తుపాకీ పేల్చాడు కూడా.
పలకని కళ్ళు చదువుతాయి.
చదివినవన్నీ చేస్తామా?

పీపాలో తెల్లరంగు గంజిలా కుతకుతలాడుతుంది.
బండి కదిలితే రోడ్డు మీద మూరెడు వెడల్పున పరుచుకుంటుంది.
గట్టిపడకముందే పైన గాజుపూసల పొడి చల్లాలి,
రొట్టె మీద ఉప్పు చల్లినట్టు.
రాత్రి లైటు పడితే మెరిసేది రంగు కాదు, ఆ గాజు.

ఇది ఎలా పనిచేస్తుందో ఇంజనీరులా చెప్పలేను.
ఒకే వేగంతో వస్తున్నవాడికి
గీతలు దగ్గరయ్యేకొద్దీ
తనే వేగం పెంచేసినట్టు తోస్తుంది.
మనసు ఇంకా బ్యాంకు బాకీ దగ్గరే ఉంటుంది,
కాలు మాత్రం ఉలిక్కిపడి
యాక్సిలరేటర్ మీంచి లేస్తుంది.

హెయినో పాల ట్యాంకరు నడుపుతాడు.
గీతలు వేసిన వారానికి పెట్రోలు బంకులో కనిపించి
"ఆ నిచ్చెన మెట్లు ఎందుకు ఉర్వే, రంగు దండగ" అన్నాడు.
"నేనైతే తగ్గను" అన్నాడు.
ఆ సాయంత్రం రోడ్డు పక్క గట్టు మీద టీ తాగుతూ చూశాం.
ఆరో గీత దగ్గర ట్యాంకరు ముక్కు కాస్త వంగింది.
తొమ్మిదో గీత దగ్గర ఇంకాస్త.
కౌపో పకపకా నవ్వాడు.
నాకు నవ్వు రాలేదు.
ఒక మనిషికి తెలియకుండా అతని కాలితో మాట్లాడాను.
అది మంచిపనో కాదో
ఫ్లాస్కు మూత బిగించేదాకా తేలలేదు.
తర్వాత కూడా.

నేను ఇంటికి వెళ్ళే దారీ అదే.
ఏ గీత ఎక్కడుందో, ఏది చెయ్యి వణికి వంకర పోయిందో నాకు తెలుసు.
నాలుగోదాని అంచున నా బూటు ముద్ర ఉంది.
ఈసారి మోసపోను, అనుకుంటాను.
చక్రాల కింద గీతలు గుక్కతిప్పుకోనివ్వవు.
నా కాలు
నన్నడక్కుండానే లేచిపోతుంది.

డిసెంబరులో మంచు అంతా కప్పేస్తుంది.
అప్పుడు గీతలతో పనిలేదు, భయమే టేపు పట్టుకుంటుంది.
మేకుల టైర్లు చలికాలం పొడుగునా నా పనిని గీకుతాయి.
ఏప్రిల్లో వెళ్లి చూస్తే
మొదటి గీతలు బాగానే ఉంటాయి,
మలుపు దగ్గరివే అరిగిపోతాయి.
అందరూ బ్రేకు తొక్కింది అక్కడే మరి.

బిర్చికి బెరడు రాలేదు. ఇక రాదట.
కొత్త దెబ్బ మాత్రం లేదు.

కౌపో, టేపు పట్టుకో.