చెవి

రాయిని చెవితో కొంటుంది బొనారియా.
చిన్న సుత్తితో ఒక్క దెబ్బ.
కంచులా మోగితే సరే,
పగిలిన కుండలా బొంగురుగా పలికితే
పెదవి విరిచి పక్క రాయికి వెళ్తుంది.

సార్డీనియాలో ఈ నల్లరాయి
ఎప్పుడో కొండ కక్కిన నిప్పు.
షెడ్డులో దాని పక్కనే
ఎఫీజియో తోటలో
పోయిన వేసవి కార్చిచ్చు మిగిల్చిన ఆలివ్ మొద్దు.
ట్రాక్టర్‌లో తెచ్చి దించాడు.
డబ్బు తీసుకోలేదు,
ఏం చేస్తావనీ అడగలేదు.

గ్రైండర్ మీద నీళ్లు పోస్తూ
మూడు నెలలు నేను.
గోళ్లలో నల్ల బురద,
తినే రొట్టెలోనూ అదే కరకర.
ఇంతా చేసి ఆమె రాతిలో తొలిచింది
ఒక మొద్దు ఒదిగి కూర్చునేంత ఖాళీ.

బొగ్గైన వైపు ఉలి తాకనివ్వలేదు.
తుడుద్దామని గుడ్డ తీస్తే
"వద్దు" అంది, అంతే.

నిన్న ఎఫీజియో వచ్చాడు.
టోపీ తీయకుండానే చుట్టూ తిరిగాడు.
వేలి కణుపుతో రాయిని కొట్టాడు,
మోగింది.
కొయ్యను కొట్టాడు.
చాలాసేపు చెవి అక్కడే ఆనించి ఉంచాడు.

చెంపకి మసి అంటింది.
మేం చెప్పలేదు.

గుమ్మం దాటుతూ ఒకటే అడిగాడు:
వానకి బయటే ఉంచుతావా దీన్ని?