సామాన్ల ఘనపరిమాణం

ఫారంలో పదకొండో గడి:
తరలించాల్సిన ఇంటి సామాను, ఘనపు మీటర్లలో.
ఇఖ్లాస్ అబూసిన్ అక్కడ సున్నా వేసింది.
కంప్యూటర్ ఒప్పుకోలేదు.
సున్నా చెల్లదు, ఒకటికి తగ్గకూడదు అంది.

హల్ నగరంలో వరద గోడలు కట్టే కంపెనీ మాది.
కొత్తగా వచ్చేవాళ్ళని కుదురుకోనిచ్చే పని నాది.
నా చేతిలో రెండు ఫ్లాట్లు, మూడు నెలల అద్దె,
ఒక టాక్సీ ఖాతా.
మ్యూనిక్ నుంచి దిగినాయన పియానోకి
పోయినేడు క్రేను పెట్టించాను.
సున్నాకి ఏం పెట్టించాలో తెలీక
ఒకటి కొట్టి, ఎంటర్ నొక్కాను.

ఆ ఒక్క ఘనపు మీటరు
ఆ రోజు నుంచీ నా వెంటే తిరుగుతోంది.

ఖార్తూమ్‌లో ఆమె పదహారేళ్ళు నీళ్ళు కొలిచింది.
నీలి నైలూ తెల్ల నైలూ కలిసే చోట
ఏ నెలలో ఏ నీరు ఏ నీటిని వెనక్కి నెడుతుందో
ముందే లెక్కకట్టి చెప్పేది.
మా మేనేజరు గారెత్ ప్రిడ్మోర్‌కి
పాత ఆఫీసు నుంచి ఒక ఉత్తరం కావాలి,
ఇద్దరు పెద్దల మాట కావాలి.

"మా ఆఫీసు మూడో అంతస్తులో ఉండేది.
ఇప్పుడు మూడో అంతస్తు, రెండో అంతస్తులో ఉంది"
అంది ఇఖ్లాస్, ఫోన్లో, చాలా మామూలుగా.
ఇద్దరు పెద్దల్లో ఒకాయన్ని
ఒమ్దుర్మాన్‌లో ఆయన పెరట్లోనే పూడ్చారు.
రెండో ఆయన
సిగ్నల్ దొరికినప్పుడు బతికి ఉంటాడు.

పధ్నాలుగు రోజులు చూశాను.
ఒక రాత్రి రెండున్నరకి వాట్సాప్‌లో గొంతు,
వెనక జెనరేటరు హోరు, ఎక్కడో గాడిద ఓండ్ర:
"ఆవిడ లెక్క తప్పలేదెప్పుడూ. మేమే వినలేదు."
అదే టైపు చేసి, సంతకం ఉండాల్సిన చోట
'గొంతు' అని రాసి పంపాను.
గారెత్ ఏమీ అనలేదు.
పాలెక్కువైన టీ ఒకటి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.
ఫైలు కదిలింది.

కంపెనీ దీన్ని రిలొకేషన్ అంటుంది.
నా భాషలో ఆ మాట పునరావాసం.
దాన్ని నేను మొదట చదివింది అమ్మమ్మ ట్రంకుపెట్టెలో,
శ్రీశైలం ముంపు కాయితం మీద.
తలుపుకో నంబరు. చింతచెట్టుకో రేటు.
బావికి మాత్రం లేదు.
నీళ్ళలోకి పోయే నీళ్ళకి డబ్బేంటి అన్నాట్ట గుమాస్తా.

ఇఖ్లాస్‌కి ఇది చెప్పలేదు.
పోల్చుకునేంత చనువు నాకెవరిచ్చారు?
పైగా నేను వెళ్ళేసరికి ఆమె బాయిలరుతో కుస్తీ పడుతోంది.
తొమ్మిదేళ్ళ తసాబీహ్
నది కనిపించే పెద్ద కిటికీ గదిని వదిలేసి
పరుపు తీసుకెళ్ళి స్నానాల తొట్టిలో వేసుకుంది.
ఆ కిటికీకే నెలకి నూట ఇరవై పౌన్లు ఎక్కువ.
కిటికీ లేని ఫ్లాటు ఇప్పించమని
నా సర్వీసులో మొదటిసారి ఈమెయిలు రాశాను.

మొదటి రోజు గోడ దగ్గరికి నేనే తీసుకెళ్ళాను.
హంబర్ ఆ పూట ముతక గోధుమ రంగులో ఉంది,
సముద్రం లోపలికొస్తూ నదిని వెనక్కి నెడుతోంది.
ఆమె హెల్మెట్ సరిచేసుకోవడం కూడా మరిచి చూసింది.
ఎందుకో అప్పుడు చెప్పేశాను,
నీ సున్నాని నేను ఒకటి చేశానని.

నవ్వింది. వచ్చాక అదే మొదలు.
"ఘనపు మీటరంటే వెయ్యి లీటర్లు.
నీళ్ళయితే ఒక టన్ను.
నువ్వేం తక్కువ రాయలేదు."

తర్వాత జేబులోంచి పెన్సిలు తీసింది,
వంగి, ఇంకా రంగు పడని కొత్త గోడ మీద
నీరు తాకిన చోట సన్నటి గీత,
పక్కన తేదీ, గంట, అరబ్బీ అంకెల్లో.

కంపెనీ గోడల మీద అలా రాయకూడదు.
నేను అటు తిరిగి
పడవలేవో లెక్కపెడుతున్నట్టు నిలబడ్డాను.